నేను గీసిన గర్భసంచి

మోకాళ్లు వంగడం మానేసిన తరువాత నేను సభలకు పెద్దగా వెళ్లడం లేదు. మొన్న నర్సింగు పిల్లలు వచ్చి పట్టుబట్టి తీసుకెళ్లారు. వాళ్ల క్లాసు గోడ మీద గర్భసంచి బొమ్మ వేలాడుతోంది. గులాబీ రంగులో, నున్నగా, ఎక్కడా ఒక మడత లేకుండా ఉంది. లోపల బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. "అమ్మమ్మగారూ, మీ రోజుల్లో ఇలాంటి చార్టులు ఉండేవా?" అని ఒక అమ్మాయి అడిగింది. ఉండేవమ్మా అన్నాను. అంతకు మించి మాట సాగలేదు. శాలువా కప్పారు, టీ ఇచ్చారు, రిక్షా ఎక్కించి పంపారు. ఆ పిల్లకు సగం జవాబే చెప్పానని దారంతా మనసు పీకుతూనే ఉంది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

బస్తర్ అప్పుడు సంస్థానం. బయట ఎక్కడో యుద్ధం జరుగుతోందన్న సంగతి మాకు కిరసనాయిలు దొరక్కపోవడం వల్లే తెలిసేది. నేను గోదావరి కింది తాలూకాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు పని, కాన్పుల పని నేర్చుకున్నాను. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. పుట్టింట్లో ఒక మూల కూర్చుని బతకడం ఇష్టం లేక, తెలుగు తెలిసిన నర్సు కావాలని సంస్థానం వాళ్లు అడిగితే వచ్చేశాను. నన్ను బాగా దక్షిణాన, శబరి ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక డిస్పెన్సరీకి వేశారు. ఆ ఊరి పేరు వద్దు. పెంకుల కప్పు, మూడు గదులు, ముందు వసారా. నాగపూర్ వైపు నుంచి వచ్చిన డాక్టరు గారు, భద్రాచలం వైపు మనిషి కాంపౌండరు, నేను. ముగ్గురం వంతులు వేసుకున్నట్టు మలేరియాతో పడుకునేవాళ్లం. ఆ రోజు ఎవరికి జ్వరం లేకపోతే వాళ్లు పని చేసేవాళ్లు.

అక్కడ అన్నిటికంటే అలసట కలిగించేది భాష. కడుపుతో ఉన్న పిల్ల దొర్లిలో, అంటే అక్కడి దొర్ల తెగవాళ్ల మాటలో మాట్లాడేది. వెంట వచ్చిన మొగుడు గోండీలో చెప్పేవాడు. సంతకు వచ్చిన వ్యాపారి హల్బీ. రిజిస్టరు హిందీలో నింపాలి. నా తెలుగు విని కూడా "ఏందమ్మా, నీ మాట వేరే తీరుగుంది" అని నవ్వేవాళ్లు. ఒక్క కాంపౌండరుకే అన్నీ వచ్చు. ఆయన లేకపోతే నేను సైగలతో కాన్పులు చేసేదాన్ని.

నేను వెళ్లిన రెండో ఏడు జగదల్‌పూర్ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పల్లెల్లో కాన్పులు చేసే మంత్రసానులను పోగుచేసి పని నేర్పాలి. నేర్చుకున్నవాళ్లకు కత్తెర, దారం, సబ్బు పెట్టిన రేకు పెట్టె ఒకటి, మెడలో వేసుకోవడానికి ఇత్తడి బిళ్ల ఒకటి ఇవ్వాలి. పాఠానికి పనికొస్తుందని పొడవాటి రేకు గొట్టంలో చుట్టి ఒక ఇంగ్లీషు చార్టు కూడా పంపారు.

ఆ చార్టు విప్పి వసారా గోడకు మేకులు కొట్టినప్పుడు నాకు ఎంత సంబరమో. మిషన్ ఆస్పత్రిలో అలాంటి బొమ్మ చూసే నేను పాఠాలన్నీ నేర్చుకున్నాను. ఒక ఆడమనిషి నడుము నుంచి తొడల వరకు, పక్క నుంచి నిలువుగా కోసినట్టు ఉంటుంది. మధ్యలో గర్భసంచి. అందులో తలకిందులుగా బిడ్డ. పైన మెడ లేదు, కింద కాళ్లు లేవు.

మొదటి రోజు ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. చార్టు చూసి ఇద్దరు లేచి వసారా దిగిపోయారు. మిగిలినవాళ్లలో పెద్దది, ముడతలు పడ్డ చేతుల నిండా పచ్చబొట్లు ఉన్న దొర్ల ముసలామె, చుట్ట నోట్లోంచి తీసి, తనకు వచ్చిన తెలుగులో అడిగింది.

"ఏంది నర్సమ్మా, ఈమె తలకాయ ఏది?"

"తల అవసరం లేదమ్మా. ఇక్కడ గర్భసంచి చూపిస్తున్నారు."

"తలకాయ లేకుండ ఎట్ల కంటది? ఎవలు నరికిన్రు ఈమెను?"

నాకు నవ్వొచ్చింది. కాంపౌండరు మాత్రం నవ్వలేదు. "చెల్లెమ్మా, వాళ్లకు ఇది శవం బొమ్మ" అన్నాడు మెల్లిగా. కాంపౌండరు తాత నాటు వైద్యుడట. గర్భసంచి మూతి చేప నోరులా ఉంటుందని చెప్పి, మడుగులో చేపను చూపించేవాడట. నాకు మా అమ్మమ్మ ఊరి పొలిమేరలో ఉన్న రాతి పలక గుర్తొచ్చింది. అమ్మవారు మోకాళ్లు మడిచి కాన్పుకు కూర్చున్నట్టు ఉంటుంది. మెడ మీద తల బదులు తామరపువ్వు. పిల్లలు లేని ఆడవాళ్లు పోయి దానికి వెన్న రాసేవాళ్లు. దేవతను చెక్కిన శిల్పీ, చార్టు గీసిన ఇంగ్లీషువాడూ ఇద్దరూ ఆడదాని తల తీసేశారే అని ఆ వసారాలో నిలబడి ఒక్క క్షణం అనుకున్నాను. అంతలో పని గుర్తొచ్చి పాఠం మొదలుపెట్టాను.

పాఠం అయ్యాక ముసలామె కాంపౌండరును గుప్పెడు బియ్యప్పిండి అడిగి తీసుకుంది. వసారా అరుగు మీద వేళ్ల సందుల్లోంచి పిండి వదులుతూ ఒక బొమ్మ వేసింది. జుట్టు ముడి, మెడలో పూసలు, చేతులు, పాదాలు అన్నీ ఉన్న నిండు మనిషి. పొట్టలో బిడ్డ మోకాళ్లు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. కళ్లు తెరిచి బయటికి చూస్తోంది. బిడ్డ బొడ్డు నుంచి ఒక గీత పైకి పోయి తల్లి నోటి దగ్గర ఆగింది.

"తల్లి తిన్నది బిడ్డకు పోవాలె గద" అంది. "నీ బొమ్మల నోరే లేదు. ఏం తింటది అది?"

"బిడ్డ అలా కూర్చోదమ్మా, తలకిందులుగా ఉంటుంది. నీ బొమ్మ తప్పు" అన్నాను. చీపురు తీసుకుని ఊడ్చేశాను కూడా. ఆమె చేతికంటిన పిండి చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది. అయినా మరుసటి వారం పాఠానికి అందరికంటే ముందే వచ్చింది.

ఆమె చేతిలో అప్పటికే రెండు తరాలు పుట్టాయి. బిడ్డ అడ్డంగా ఉందని అనిపిస్తే, నొప్పులు రాకముందే ఆముదం రాసి, పొట్ట పాముతూ పాముతూ బిడ్డను తిప్పేదట. నేను దాన్ని గట్టిగా వద్దన్నాను. పొట్ట పామితే లోపల తెగుతుందని మాకు మిషన్ ఆస్పత్రిలో నేర్పారు. మోటు చేతులతో పామే చోట అది నిజం కూడా. ఆమెవి మోటు చేతులో కావో నేను చూడలేదు. చూడాలని తోచలేదు.

వానలు మొదలయ్యాక వాగులు పొంగి ఆడవాళ్లు రావడం తగ్గింది. ఇంకా చెప్పాల్సిన పాఠం ఒకటి మిగిలిపోయింది. అదే ముఖ్యమైనది. బిడ్డ అడ్డం తిరిగి, ముందు చెయ్యి బయటికి వస్తే ఏం చెయ్యాలన్నది. నాకు బొమ్మలు వెయ్యడం వచ్చు. పన్నెండు కాగితాలు తీసుకుని, ఒక్కోదాని మీద నాలుగు బొమ్మలు వేశాను. మొదటిది, తల కిందకు ఉన్న బిడ్డ. రెండోది, ఎదురుకాళ్ల బిడ్డ. మూడోది, అడ్డం తిరిగిన బిడ్డ, చెయ్యి బయటికి వచ్చింది, ఒక మనిషి చెయ్యి దాన్ని పట్టి లాగుతోంది. నాలుగోది, తల్లిని మంచం మీద వేసుకుని ఇద్దరు మగవాళ్లు డిస్పెన్సరీకి మోసుకొస్తున్నారు. మూడో బొమ్మ మీద, మందుల గదిలో విషం సీసాలకు గుర్తు పెట్టే ఎర్ర సిరాతో, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు గీతలు అడ్డంగా కొట్టాను. అలా చెయ్యకూడదని.

డాక్టరు గారికి చూపించాను. "మాటలైతే నాలుగు భాషల్లో చెప్పాలండీ. బొమ్మయితే ఒక్కసారి చూపిస్తే చాలు" అన్నాను గర్వంగా. ఆయనకూ నచ్చింది. జగదల్‌పూర్‌కు రాసే ఉత్తరంలో నన్ను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాశారు.

సంత రోజున ఆ కాగితాలు నేనే పంచి, నేనే చెప్పాలి. ఆ రోజు నాకు జ్వరం. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కాంపౌండరును పిలిచి, "అన్నయ్యా, వాళ్లు వస్తే ఇచ్చెయ్యండి. చూస్తే వాళ్లకే తెలుస్తుంది" అన్నాను. ఆయన ఇచ్చేశాడు.

తరువాత వారం నేను లేచి తిరిగాను. అప్పుడైనా ఆ పాఠం చెప్పొచ్చు. చెప్పలేదు. బొమ్మ ఉంది కదా అనుకున్నాను.

వానలు వెనకబట్టి, వరి కోతలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున మంచం మీద ఒక అమ్మాయిని మోసుకొచ్చారు. గొల్లపల్లి దారిలో లోపలికి ఉన్న ఒక పల్లె వాళ్లది. పద్దెనిమిది పందొమ్మిది ఏళ్లు ఉంటాయేమో. మంచం పక్కనే ముసలామె నడిచి వచ్చింది. మెడలో ఇత్తడి బిళ్ల ఉంది. ఆ అమ్మాయి ఆమె చిన్న కోడలు.

దుప్పటి తీసి చూశాను. బిడ్డ చెయ్యి బయట ఉంది. వాచిపోయి, నల్లబడి ఉంది. దాన్ని చాలాసేపు లాగారని చూడగానే తెలుస్తుంది. బిడ్డ అప్పటికే పోయింది. డాక్టరు గారు క్లోరోఫారం ఇప్పించి, తల్లినైనా దక్కిద్దామని చెయ్యగలిగినదంతా చేశారు. మధ్యాహ్నానికి పని ముగిసింది. ఆయన చేతులు కడుక్కుంటూ వసారాలోకి వచ్చి, అరుగు కింద కూర్చున్న ముసలామె మీద అరిచారు. ఆయన హిందీ ఆమెకు సగం కూడా అర్థమై ఉండదు.

"పట్టుకుని లాగావా? లాగొద్దని నీకు చెప్పారు కదా! నీలాంటి వాళ్లకు బిళ్లలు ఇవ్వడం మాది తప్పు!"

ఆమె నా వైపు చూసింది. ఏదో అడగబోతున్నట్టే పెదాలు కదిలాయి. నేను గుడ్డలు ఉడకబెట్టాలని లోపలికి వెళ్లిపోయాను.

ఆ అమ్మాయి ఎనిమిది రోజులు బతికింది. జ్వరం దిగలేదు. ఆ జ్వరానికి అప్పట్లో మా దగ్గర సరైన మందు లేదు. అత్తను లోపలికి రానివ్వొద్దని డాక్టరు గారు చెప్పారు. అందుకని ఆమె వసారా బయటే కూర్చునేది. ఇంటి నుంచి జావ తెచ్చి గడప దగ్గర పెట్టేది. నేను తీసుకుపోయి చెంచాతో పట్టేదాన్ని. మూడో రోజు ఆ అమ్మాయి నన్ను, "మా అత్త ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "ఆమెను తిట్టకున్రి. నన్ను మస్తు మంచిగ చూస్తది" అంది. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి పోయింది. ముసలామె ఏడవలేదు. మంచం మోసేవాళ్లతో పాటు వచ్చిన దారినే నడిచి వెళ్లింది.

డాక్టరు గారు రిపోర్టు రాశారు. శిక్షణ పొందిన మంత్రసాని, ఇచ్చిన సూచనలకు విరుద్ధంగా ప్రవర్తించినందువల్ల తల్లీ బిడ్డా మరణించారని. కింద నా వాంగ్మూలం. ఈ విషయం ఆమెకు నేను స్పష్టంగా తెలియజేశానని. కలం నా చేతిలో పెట్టి ఆయన పక్కకు చూస్తూ నిలబడ్డారు. చెడ్డవారు కారు ఆయన. ఎనిమిది రోజులూ నాతో సమానంగా ఆ అమ్మాయి మంచం దగ్గర కూర్చున్నారు. నేను సంతకం పెట్టాను. తెలియజేశాను కదా, బొమ్మ వేసి మరీ తెలియజేశాను కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఆమె పెట్టె, బిళ్ల వెనక్కి తీసుకోవాలి, ఇక ముందు ఆమె కాన్పులు చెయ్యకూడదు. ఆ పని నాకే అప్పగించారు. ఊరి కావలి మనిషి కోత్వాల్‌ను వెంట పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. రెండు వాగులు దాటాలి. చీర మోకాళ్ల దాకా తడిసింది. అప్పుడు నా వయసు ఇరవై ఆరు. అయినా ఆ దారిలో నడుస్తుంటే ముసలిదాన్ని అయిపోయాననిపించింది.

ఆమె ఇంటి ముందు ఇప్పగింజలు దంచుతోంది. నన్ను చూసి రోకలి పక్కన పెట్టింది. నేను ఎందుకొచ్చానో చెప్పాను. లోపలికి పోయి పెట్టె తెచ్చింది. కత్తెర తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది. బిళ్ల మెడలోంచి తీసి దాని మీద పెట్టింది. తరువాత ఇంటి చూరులోంచి ఒక వెదురు గొట్టం లాగి, అందులోంచి నా కాగితం తీసింది. వాన తడి తగలకుండా, చెద పట్టకుండా, అంత పదిలంగా దాచింది.

"ఇది గూడ తీస్కపో" అంది. ఇచ్చే ముందు నేల మీద పరిచింది. "ఒక్క మాట చెప్పు బిడ్డా. నేను ఏం తప్పు చేసిన? నువ్వు గీసినట్టే చేసిన గద."

"లాగొద్దని కదా నేను వేసింది!" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

ఆమె వేలితో చూపించింది. మొదటి బొమ్మ. "దీని మీద ఏం లేదు." రెండోది. "దీని మీద ఏం లేదు." మూడోది. ఎర్ర గీతల మీద వేలు ఆగింది. "దీని మీద నిశానీ పెట్టినవ్. ఇదే చెయ్యాలె అని. తర్వాత ఇది." నాలుగో బొమ్మలో మంచం. "ముందు లాగాలె, రాకుంటె మంచం మీద ఏసుకోని నీ దగ్గరికి రావాలె. అట్లనే చేసిన."

"ఎర్ర గీత కొడితే వద్దని అర్థం!"

"ఎవలు చెప్పిన్రు?" నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "జంగలాతోళ్లు, అడవి సర్కారోళ్లు, చెట్ల మీద ఎర్ర గీతలు పెడ్తరు. గీత పెట్టిన చెట్టును నరకాలె, పెట్టని చెట్టును ముట్టొద్దు. నా కొడుకు ఆ కూలికే పోతడు. గీత లేని చెట్టును నరికిండని ఓ సారి మస్తు కొట్టిన్రు."

నేను కాగితం కోత్వాల్ వైపు తిప్పాను. కోత్వాల్ ఆ బొమ్మ మీదికి వంగి చూసి, "అవు, నరికే నిశానీ" అన్నాడు. అతను ఎవరినీ సమర్థించడానికి అనలేదు. కనిపించింది చెప్పాడంతే.

"నన్ను అడగకపోయావా అవ్వా?" అన్నాను. ఆమెను అవ్వా అని పిలవడం అదే మొదటిసారి.

"అడగొచ్చిన. నీకు జొరం. కాంపౌండరును అడిగిన. బొమ్మల అంత ఉన్నది, చూస్కో అన్నడు." కాగితాన్ని మళ్లీ చుట్టింది. "కోడలి పొట్ట మీద చెయ్యి ఏస్తే బిడ్డ అడ్డమున్నదని నాకు పది రోజుల ముందే ఎరుక. ఆముదం రాసి తిప్పుదునేమో. పామొద్దన్నవ్. ఎవలన్న పరాయి పిల్లయితే నా తీరుగ చేస్తుంటి. ఇది మా ఇంటి పిల్ల. మంచిగ కావాలని సర్కారు తీరుగ చేసిన."

పెట్టె, బిళ్ల అక్కడే వదిలేశాను. కాగితం మాత్రం తీసుకుని వచ్చాను.

డాక్టరు గారు విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నర్స్‌బాయీ, రిపోర్టు వెళ్లిపోయింది. ఇప్పుడు మార్చి రాస్తే నీ ఉద్యోగం పోతుంది, నాకు మాట వస్తుంది. అది కూడా పోనీ. ఈ శిక్షణే ఆపేస్తారు. మిగిలిన మంత్రసానులు మళ్లీ తుప్పు కొడవళ్లతో బొడ్డు కోస్తారు. పురుట్లో ధనుర్వాతం వచ్చి ఎంతమంది పిల్లలు పోతారో నీకు తెలీదా?" అన్నారు.

ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకే పదకొండు రోజులు ఊరుకున్నాను.  పన్నెండో రోజు జగదల్‌పూర్‌లోని పెద్ద డాక్టరు గారికి ఉత్తరం రాశాను. జ్వరంలో ఉండి చెప్పలేదని, లేచాక కూడా చెప్పలేదని, గీసింది నేనేనని, సంతకం తప్పుగా పెట్టానని రాశాను. పోస్టులో వేశాక, వెనక్కి ఇమ్మని అడుగుదామా అని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ధైర్యవంతురాలినని అనుకోకండి.

నన్ను పిలిపించారు. బొగ్గు గ్యాసుతో నడిచే లారీలో కూర్చుని వెళ్లాను. తోంగ్‌పాల్ దగ్గర లారీ మొరాయించి సగం రోజు చింతచెట్టు కింద పడి ఉన్నాం. జగదల్‌పూర్ చేరేసరికి మొహం నిండా మసి. అలాగే ఆఫీసులో నిలబడ్డాను.

పెద్ద డాక్టరు గారు నా కాగితం ముందు పెట్టుకుని, "ఎర్ర సిరాతో కొట్టేస్తే వద్దని తెలియనివాళ్లు ఎవరుంటారు?" అన్నారు విసుగ్గా.  ఆయనే గుమ్మం దగ్గరున్న చప్రాసీని పిలిచారు. అతను హల్బీ మాట్లాడే నడివయసు మనిషి. కాగితం చూపించి, మూడో బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అని అడిగారు.

"బిడ్డ చెయ్యి హుజూర్."

"ఈ ఎర్రది?"

"నిశాన్ హుజూర్."

"ఎందుకు పెట్టారంటావు?"

అతను సాహెబుకు నచ్చే జవాబు ఏదా అని ఆయన మొహం వెతికాడు. "ఇక్కడ పట్టుకోవాలని... కదా హుజూర్?"

పెద్ద డాక్టరు గారు వెనకగది ఊడుస్తున్న ఆమెను కూడా పిలిచారు. ఆమె చూసి, నొప్పి ఉన్న చోటు అంది. ఆయన ఇంకెవరినీ పిలవలేదు. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కిటికీ వెలుగుకు పెట్టి చూశారు. "మేం ఇంగ్లండు నుంచి తెప్పించిన చార్టును చూసి వీళ్లు ఏమనుకుంటున్నారో మరి" అన్నారు చివరికి, తనలో తను అనుకున్నట్టు.

ముసలామె మీద రాసిన మాటలు కొట్టేశారు. కాన్పులు చేసుకోవచ్చని కాగితం ఇచ్చారు. నా సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం అని ఒక వాక్యం రాసి, నన్ను జగదల్‌పూర్ ఆడవాళ్ల వార్డుకు మార్చారు. డాక్టరు గారు భయపడ్డట్టే శిక్షణ ఆగిపోయింది. సరైన చార్టులు వచ్చేవరకు అన్నారు. చార్టులు రాలేదు. కొన్నేళ్లకు సంస్థానమే లేకుండా పోయింది. నా నిజం వల్ల మేలు ఎక్కువ జరిగిందా, కీడు ఎక్కువ జరిగిందా అని ఇప్పటికీ లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

ఆ వార్డులోనే నా ఉద్యోగమంతా గడిచింది. తరువాత ఎన్ని బొమ్మలు వచ్చాయో. చెక్కతో చేసినవి, మైనంతో చేసినవి, తీసి పెట్టే భాగాలున్నవి. ఏ బొమ్మ చూపించినా ముందు నోరు మూసుకుని, "దీంట్లో నీకేం కనిపిస్తోందో చెప్పమ్మా" అని అడిగేదాన్ని. ఒక ఆమె గర్భసంచిని బెల్లం కుండ అంది. ఒక ఆమె కప్ప అంది. పాఠం ఆలస్యమవుతోందని పైవాళ్లు నా మీద విసుక్కునేవాళ్లు. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డను తిప్పే పద్ధతిని పెద్ద పెద్ద డాక్టర్లే చేస్తారని పుస్తకాల్లో నేను చాలా తరువాత చదివాను. చదివిన రోజు పుస్తకం మూసేసి సెలవు చీటీ రాసి ఇంటికి వచ్చేశాను.

అమ్మాయిలూ, ఆమెను చివరిసారి చూసిన రోజు గురించి చెప్పి ఆపుతాను. అలసిపోయాను కూడా.

బదిలీ మీద వెళ్లే ముందు, పెద్ద డాక్టరు గారిచ్చిన కాగితం పట్టుకుని ఆ పల్లెకు మళ్లీ నడిచాను. వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఆమె ఇంటి ముందు నిండు నెలల పిల్ల ఒకతి తన తల్లితో కూర్చుని ఉంది. పొట్ట చూడమని బతిమాలడానికి వచ్చారట. నాలుగు రోజులుగా రోజూ వస్తున్నారట. ముసలామె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది గానీ పొట్ట చూడలేదు. బిళ్ల, పెట్టె నేను వదిలిన చోటే ఉన్నాయి.

హిందీలో ఉన్న కాగితాన్ని నేను తెలుగులో చెప్పాను. ఆమె చెవి నా వైపు పెట్టి మొత్తం విన్నది.

"అంటే, తప్పు నాది కాదని రాసిన్రా?"

"అవును అవ్వా. నాదని రాశారు."

"పెద్ద సాహెబే రాసిండా?"

"ఆయనే. ఇక ఎవరూ నిన్ను ఆపరు. ఈ పిల్లను చూడు. నేను కూడా పక్కనే ఉంటాను. నువ్వు ఎలా చూస్తావో నాకూ నేర్పు."

ఆమె ఆ పిల్ల పొట్ట వైపు చూసింది. చెయ్యి కొంచెం లేపింది. గాలిలోనే ఆగింది అది. మళ్లీ ఒళ్లోకి తెచ్చుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"సాహెబు కాయితంల రాసిండు, నువ్వు చదివినవ్, నేను ఇన్న" అంది. "నా చేతులకు ఎవలు చెప్పాలె బిడ్డా?"